కంటి గూడు బొమ్మకు పెద్ద అయస్కాంతం ఒక్కటే చాలదు

పట్టణంలోకి కొత్త ఎం.ఆర్.ఐ. యంత్రం వచ్చిందంటే జనం మొదట చెప్పుకొనేది ఒక అంకె. "పాతది ఒకటిన్నర టెస్లా అట, ఇది మూడు టెస్లా అట!" టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం. అంకె పెద్దదైతే యంత్రం గొప్పది, యంత్రం గొప్పదైతే బొమ్మ స్పష్టం అని అందరూ అనుకుంటారు. తరగతిలో పిల్లలూ ఇదే అడుగుతారు: "మాస్టారూ, ఇంకా పెద్ద అయస్కాంతం పెడితే కంటి వెనక నరాలన్నీ వెంట్రుకల్లా విడివిడిగా కనబడతాయి కదా?"

ఈ మాటలో నిజం ఉంది. కాని సగమే ఉంది. మిగిలిన సగం చెప్పడానికే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శరీరంలో బొమ్మ తీయడానికి కష్టమైన చోట్లలో కంటి గూడు ఒకటి. గత నలభై ఏళ్లలో అక్కడి బొమ్మ బాగుపడిందంటే అది పెద్ద అయస్కాంతాల వల్ల కొంత, చిన్న చిన్న ఆలోచనల వల్ల చాలా. ఆ ఆలోచనలు మీ భౌతికశాస్త్రానికీ, మీ బీజగణితానికీ అందేవే. చేతిలో ఉన్న యంత్రం మీద వాటిని వాడుకోకుండా, అంకె కోసం కోట్లు పోయడం తెలివైన పని కాదు.

గూడులో ఏముంది?

కంటి చుట్టూ వేలితో తడిమి చూడండి. గట్టిగా తగిలేది ఎముక. ఏడు ఎముకలు కలిసి గరాటు ఆకారంలో ఈ గూడును కట్టాయి. వెడల్పు మూతి ముందుకు ఉంటుంది, సన్నని కొస మెదడు వైపుకు ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని నేత్రకోటరం అంటారు. పెద్దవాళ్లలో దీని ఘనపరిమాణం సుమారు 30 మిల్లీలీటర్లు. అందులో కనుగుడ్డు ఆక్రమించేది 7 మిల్లీలీటర్లే. మిగతా చోటులో కంటిని తిప్పే ఆరు కండరాలు, పైరెప్పను ఎత్తే ఒక కండరం, కన్నీటి గ్రంథి, రక్తనాళాలు, నరాలు ఉన్నాయి. వీటన్నిటి మధ్య మెత్తలా కొవ్వు నిండి ఉంటుంది.

ఈ కొవ్వు మధ్యగా వెనక్కి వెళ్లేదే దృక్‌నాడి. మందం సుమారు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. అది బిగుతుగా సాగదీసి ఉండదు, కొద్దిగా వంపు తిరిగి వదులుగా ఉంటుంది. అలా లేకపోతే మీరు పక్కకు చూసినప్పుడల్లా నాడి లాగుకుపోయేది.

ఇంత చిన్న చోటులో వచ్చే జబ్బులు మాత్రం చిన్నవి కావు. దృక్‌నాడికి వాపు వస్తే ఆరోగ్యంగా ఉన్న యువకుడికి కొద్ది రోజుల్లోనే చూపు మసకబారుతుంది. థైరాయిడ్ జబ్బులో కంటి కండరాలు ఉబ్బి కనుగుడ్డును ముందుకు తోస్తాయి. పసిపిల్లల్లో రెటినోబ్లాస్టొమా అనే కేన్సర్ వస్తుంది. కనుపాప నల్లగా ఉండవలసింది తెల్లగా మెరవడం దాని గుర్తు. ఆ కణితి కంటిలోనే ఉందా, దృక్‌నాడిలోకి పాకిందా అన్నది తెలిస్తేనే చికిత్స నిర్ణయం అవుతుంది. ఒక మిల్లీమీటరు తేడాకు ఇక్కడ ఎంత విలువ ఉందో చూశారా?

బొమ్మ ఎలా వస్తుంది?

మన శరీరంలో నీటిలోనూ, కొవ్వులోనూ హైడ్రోజన్ ఉంది. దాని కేంద్రకం ఒక ప్రోటాన్. ప్రోటాన్ చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే వాలిన బొంగరం తల తిప్పినట్టు తిరుగుతుంది. 1.5 టెస్లా క్షేత్రంలో సెకనుకు సుమారు 6 కోట్ల 40 లక్షల సార్లు తిరుగుతుంది. సరిగ్గా అదే పౌనఃపున్యం గల రేడియో తరంగాన్ని పంపితే ప్రోటాన్లు శక్తిని గ్రహిస్తాయి. తరువాత తామే సన్నని రేడియో సంకేతాన్ని ఇస్తాయి. దాన్ని తీగచుట్టతో పట్టుకుంటారు. ఇదే అనునాదం. 1946లో బ్లాక్, పర్సెల్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా దీన్ని కనుగొన్నారు. 1973లో లాటర్‌బర్ ఈ సంకేతాలతో బొమ్మ గీయవచ్చని చూపాడు. మాన్స్‌ఫీల్డ్ ఆ పద్ధతిని పెంచాడు. 2003లో ఈ ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఎక్స్‌-కిరణాలతో తీసే సి.టి. బొమ్మ ఎముకలను బాగా చూపుతుంది. మెత్తని కణజాలాల్లో తేడాలు చూపడంలో ఎం.ఆర్.ఐ. మేలు. పైగా ఇందులో ఎక్స్‌-కిరణాలు లేవు. వంశపారంపర్యంగా కేన్సర్ ముప్పు ఉన్న పసిబిడ్డకు ఇది చిన్న సంగతి కాదు.

ఒక లెక్క చేద్దాం

బొమ్మను చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి చూస్తారని అనుకోండి. ఒక్కొక్క ఘనం భుజం 1 మిల్లీమీటరు. దాన్ని సగం చేసి అర మిల్లీమీటరు కావాలన్నాం. భుజం సగమైతే ఘనపరిమాణం ఎనిమిదో వంతు అవుతుంది. అందులోని ప్రోటాన్లూ ఎనిమిదో వంతే. సంకేతమూ ఎనిమిదో వంతే. కాని శరీరం నుంచీ, యంత్రం నుంచీ వచ్చే రొద తగ్గదు. జాతరలో గుసగుసలాడినట్టు సంకేతం రొదలో మునిగిపోతుంది.

దీనికి ఉపాయం మళ్లీ మళ్లీ తీసి సగటు కట్టడం. అయితే సగటు వల్ల లాభం వర్గమూలం ప్రకారమే వస్తుంది. 4 సార్లు తీస్తే 2 రెట్లు, 9 సార్లు తీస్తే 3 రెట్లు. పోయిన 8 రెట్లు తిరిగి రావాలంటే 64 సార్లు తీయాలి. మొదట 4 నిమిషాలు పట్టిన బొమ్మకు ఇప్పుడు 256 నిమిషాలు! నాలుగు గంటలకు పైగా కదలకుండా ఎవరు పడుకుంటారు?

సరే, మూడు టెస్లాల యంత్రం తెచ్చామనుకోండి. సంకేతం సుమారుగా రెట్టింపు అవుతుంది. ఇంకా 4 రెట్లు లోటు ఉంది కాబట్టి 16 సార్లు తీయాలి. అంటే 64 నిమిషాలు. అయస్కాంతం సాయం చేసింది, సందేహం లేదు. కాని సమస్యను తీర్చలేదు.

ఇక్కడ మొదటి చిన్న ఆలోచన వస్తుంది. రొద ఎక్కడి నుంచి వస్తోంది? తల చుట్టూ పెట్టిన పెద్ద తీగచుట్ట తల మొత్తం రొదనూ వింటుంది. కంటి ముందే కొద్ది సెంటీమీటర్ల చిన్న చుట్టను పెడితే అది తన దగ్గరి సంకేతాన్ని బలంగా వింటుంది, దూరపు రొదను అంతగా వినదు. జాతరలో మిత్రుడి నోటి దగ్గర చెవి పెట్టినట్టే. 1980లో ఇలాంటి ఉపరితల తీగచుట్టలను వాడి చూపాక వైద్యులు వాటిని కంటికీ ఉపయోగించారు. రెటినోబ్లాస్టొమా పిల్లలకు ఇలాంటి చిన్న చుట్టలతో, 2 మిల్లీమీటర్లు మించని పలుచని పొరలుగా బొమ్మ తీయాలని 2012లో ఐరోపా నిపుణులు సూచించారు. అయితే చిన్న చుట్టకు లోతు వినబడదు. గూడు వెనక కొసను చూడాలంటే తల చుట్టూ అనేక చుట్టలను అమర్చిన టోపీ లాంటి సాధనమే మంచిది. కాబట్టి 'ఏం చూడాలి?' అన్న ప్రశ్న ముందు, 'దేనితో చూడాలి?' అన్నది తరువాత.

కొవ్వు తెచ్చే చిక్కు

సాధారణమైన ఒక రకం బొమ్మలో కొవ్వు తెల్లగా వెలిగిపోతుంది. వాచిన నాడిని గుర్తించడానికి గాడోలినియం అనే మూలకం ఉన్న మందును రక్తంలోకి ఎక్కిస్తారు. వాచిన చోటుకు అది చేరి ఆ భాగాన్ని కూడా తెల్లగా చేస్తుంది. తెల్లని కొవ్వులో తెల్లని వాపు! ముగ్గుపిండి కుప్పలో సుద్దముక్క పడిపోయినట్టే. ఎంత పెద్ద అయస్కాంతం తెచ్చినా తెలుపులో తెలుపు కనబడదు. కొవ్వును మాయం చేయాలి. దీనికి రెండు చక్కని ఉపాయాలు చెబుతాను.

మొదటిది దిగుడుబావి ఉపాయం. ఇద్దరు పిల్లలు బావి అడుగున ఒకేసారి బయలుదేరి మెట్లెక్కుతున్నారు. ఒకడు వేగంగా, రెండోవాడు నెమ్మదిగా. నేలమట్టం సున్నా అనుకోండి. మొదటివాడు సరిగ్గా నేలమట్టం దాటే క్షణాన రెండోవాడు ఇంకా కిందనే ఉంటాడు. ఎవరు సున్నాకు ఎంత దూరంలో ఉంటే వారి సంకేతం అంత అనుకుంటే, ఆ క్షణాన మొదటివాడి సంకేతం సున్నా! ప్రోటాన్ల అయస్కాంతత్వాన్ని రేడియో తరంగంతో తలకిందులు చేస్తే అది మళ్లీ మామూలు స్థితికి ఎక్కుతుంది. కొవ్వు వేగంగా ఎక్కుతుంది, నీరు నెమ్మదిగా ఎక్కుతుంది. 1.5 టెస్లాల దగ్గర సుమారు 150 నుంచి 170 మిల్లీసెకన్లకు కొవ్వు సున్నా దాటుతుంది. సరిగ్గా అప్పుడు సంకేతం తీసుకుంటే కొవ్వు నల్లబడుతుంది, వాచిన కండరం, వాచిన నాడి తెల్లగా బయటపడతాయి. 1985లో లండన్‌లోని హేమర్‌స్మిత్ ఆసుపత్రిలో బిడ్డర్, యంగ్ ఈ పద్ధతిని రోగులకు వాడి చూపారు. ఒక జాగ్రత్త: గాడోలినియం చేరిన కణజాలం కూడా కొవ్వులాగే వేగంగా మెట్లెక్కుతుంది. అందుచేత మందు ఎక్కించిన తరువాత ఈ ఉపాయం పనికిరాదు. కొవ్వుతో పాటు వాపు కూడా మాయం కావచ్చు.

అప్పుడు రెండో ఉపాయం కావాలి. కొవ్వు ప్రోటాన్లు నీటి ప్రోటాన్ల కంటే కొంచెం నెమ్మదిగా తిరుగుతాయి. తేడా పది లక్షల్లో మూడున్నర వంతు. 1.5 టెస్లాల దగ్గర అది సెకనుకు సుమారు 220 సార్లు. గడియారం ముళ్లలాగా ఇవి ఒకప్పుడు ఒకే వైపు ఉంటాయి, మరికొద్దిసేపటికి ఎదురెదురు అవుతాయి. ఒకే వైపు ఉన్నప్పుడు తీసిన బొమ్మలో నీరు, కొవ్వుల మొత్తం వస్తుంది. ఎదురెదురుగా ఉన్నప్పుడు తీసిన బొమ్మలో వాటి భేదం వస్తుంది. ఒక చోట మొత్తం 100, భేదం −40 వచ్చిందనుకోండి. రెండిటినీ కలిపి సగం చేస్తే నీరు 30. మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసివేసి సగం చేస్తే కొవ్వు 70. ఇవి మీరు తరగతిలో చేసే రెండు సమీకరణాలే! 1984లో అమెరికాలో డిక్సన్ ఈ పద్ధతిని ప్రకటించాడు. అయస్కాంత క్షేత్రం అన్ని చోట్లా సమానంగా లేకపోతే ఈ లెక్క తప్పుతుంది. అందుకని 1991లో గ్లోవర్, ష్నైడర్ మూడు బొమ్మలు తీసి ఆ లోపాన్నీ లెక్కలోకి తెచ్చారు. మూడు తెలియని రాశులు, మూడు సమీకరణాలు.

ఇదే 220 సార్ల తేడా మరో తంటా కూడా తెస్తుంది. యంత్రం పౌనఃపున్యాన్ని బట్టే ఏది ఎక్కడ ఉందో నిర్ణయిస్తుంది. కాబట్టి కొవ్వును కాస్త పక్కకు జరిపి గీస్తుంది. దృక్‌నాడికి ఒక పక్క నల్లగీత, మరో పక్క తెల్లగీత ఏర్పడి నాడి మందం మోసం చేస్తుంది. మూడు టెస్లాల యంత్రంలో ఆ తేడా 440 అవుతుంది. మిగతా అమరిక మార్చకపోతే జరుగుడు కూడా రెట్టింపు. పెద్ద అయస్కాంతం మంచినే కాదు, చెడునూ పెంచుతుందని గమనించండి.

కదిలే కన్ను

కళ్లు మూసుకుని రెప్ప మీద వేలికొన మెల్లగా ఆనించండి. అటూ ఇటూ చూస్తున్నట్టు అనుకోండి. లోపల గుడ్డు కదలడం తెలుస్తుంది. కళ్లు మూసినంత మాత్రాన కన్ను ఆగదు. కదిలిన ఫొటో చెదిరినట్టే ఎం.ఆర్.ఐ. బొమ్మ కూడా చెదురుతుంది. అందుకే రోగిని ఒకే చోట చూపు నిలపమంటారు, మధ్యలో విరామం ఇచ్చి అప్పుడు రెప్పలార్చమంటారు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 7 టెస్లాల యంత్రంతో కంటి కణితుల బొమ్మలు తీశారు. అంత బలమైన అయస్కాంతం ఉన్నా అక్కడి వారు ఏం చేశారో తెలుసా? కంటి దగ్గర ప్రత్యేకమైన తీగచుట్ట పెట్టారు. 'ఇప్పుడు రెప్ప వేయండి' అని రోగికి సూచన ఇచ్చి, రెప్ప వేసే ఆ కాసేపు సంకేతం తీసుకోవడం ఆపారు. ప్రపంచంలోని గొప్ప యంత్రాల్లో ఒకటి కూడా కనురెప్పతో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కరలేదు.

గాలి, కాటుక, ఇనుము

కంటి గూడుకు పక్కన, కింద, పైన ముఖం ఎముకల్లో గాలి గదులున్నాయి. జలుబు చేసినప్పుడు బరువెక్కే సైనస్‌లు ఇవే. గాలి, కణజాలం కలిసే అంచుల్లో అయస్కాంత క్షేత్రం వంకర పోతుంది. అక్కడ కొవ్వును అణచే కొన్ని పద్ధతులు విఫలమై, లేని జబ్బు ఉన్నట్టు తెల్లమచ్చలు కనిపించవచ్చు. క్షేత్రం బలం పెరిగితే ఈ వంకర కూడా పెరుగుతుంది.

కంటికి పెట్టుకునే కొన్ని రంగుల్లో ఇనుప ఆక్సైడు ఉంటుంది. అదీ బొమ్మను పాడు చేస్తుంది. అందుకే పరీక్షకు ముందు మొహం శుభ్రంగా కడుక్కోమంటారు. కోట్ల యంత్రానికి చెంబెడు నీళ్లు చేసే సాయం ఇది!

అన్నిటికంటే ముఖ్యమైనది ఇనుపరజను. 1986లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో ఒక ఉదంతం వచ్చింది. ఒకప్పుడు లోహపు రేకుల పని చేసిన మనిషికి ఎం.ఆర్.ఐ. తీశారు. ఎప్పుడో కంటిలో దిగిన ఇనుపముక్క ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అయస్కాంతం దాన్ని కదిలించింది. కంటిలో రక్తస్రావమై ఆ కంటి చూపు పోయింది. మన విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాదు బాలానగర్‌లోనూ లేత్, గ్రైండింగ్ పనులు చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. "ఎప్పుడైనా కంట్లో ఇనుపరజను పడిందా?" అన్న ఒక్క ప్రశ్న, అనుమానం ఉంటే ముందుగా ఒక మామూలు ఎక్స్‌-రే. ఈ రెండూ వాళ్ల చూపును కాపాడతాయి. ఆ ప్రశ్నను వాళ్లకు అర్థమయ్యే తెలుగులో అడగాలి. ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకుంటే ప్రశ్న అడిగినట్టు కాదు.

మరి ఏం చేయాలి?

"అయితే మూడు టెస్లాల యంత్రాలు వద్దంటారా?" అని మీరు అడగవచ్చు. వద్దనడం లేదు. సంకేతం రెట్టింపు కావడం అంటే నాలుగు రెట్ల కాలం ఆదా అయినట్టే. మత్తుమందిచ్చి పడుకోబెట్టిన పసిబిడ్డ విషయంలో ప్రతి నిమిషమూ విలువైనదే. కొవ్వు, నీరుల తేడా పెరగడం వాటిని వేరు చేయడానికి ఒక్కొక్కసారి సాయం కూడా చేస్తుంది. పెద్ద ఆసుపత్రులకు అలాంటి యంత్రాలు ఉండాలి.

కాని కంటి జబ్బుతో వచ్చిన రోగికి మామూలు మెదడు బొమ్మ తీసి పంపితే ఏం లాభం? అందులో పొరల మందం తరచు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల నాడి ఒక్క పొరలోనే ఇరుక్కుపోతుంది. అదే యంత్రం మీద పలుచని పొరలతో, కొవ్వును అణచి, చూపు నిలపమని చెప్పి తీస్తే బొమ్మ వేరుగా వస్తుంది. అందుకు కావలసింది కొత్త యంత్రం కాదు, తెలిసిన మనిషి.

కాబట్టి నేను కోరేవి నాలుగు. ఎం.ఆర్.ఐ. ఉన్న ప్రతి చోటా కంటి గూడుకు ప్రత్యేకమైన పద్ధతి రాసి పెట్టి ఉండాలి. కళ్ల వైద్యుడు ఏం వెతుకుతున్నాడో చీటీలో స్పష్టంగా రాయాలి. యంత్రం కొనేటప్పుడే తగిన తీగచుట్టల కోసం, దాన్ని నడిపేవారి శిక్షణ కోసం డబ్బు కేటాయించాలి. ఇనుము గురించిన ప్రశ్నను ప్రతి రోగినీ అతని భాషలో నోటితో అడగాలి.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఈ యంత్రాల ముందు కూర్చుంటారు. కొందరు వాటిని కొనే కాగితాల మీద సంతకం చేస్తారు. మన ఘనం భుజం 1 మిల్లీమీటరు నుంచి సగానికి కాక 0.8 మిల్లీమీటరుకు తగ్గిస్తే ఎంత కాలం పడుతుందో లెక్క కట్టి చూడండి. 64 రెట్లు కాదు, సుమారు 4 రెట్లే వస్తుంది. ఎంత సన్నగా చూడాలో ముందు తేల్చుకున్నవాడికి నాలుగు నిమిషాల బొమ్మ పావుగంటలో వస్తుంది. తేల్చుకోనివాడికి ఎంత పెద్ద అయస్కాంతమైనా చాలదు.